కార్డు ఇవ్వని లైబ్రరీకే కథ చెప్పడానికి వెళ్లాడు

మీ ఫోన్లో వెబ్‌టూన్ యాప్ ఉందా? 'నరుటో', 'వన్ పీస్' అంటూ రాత్రి రెండింటిదాకా స్క్రోల్ చేసే బ్యాచా మీరు? అయితే ఈ వారం కబుర్లు మీకే.

ఇంకో ప్రశ్న. మీ ఊళ్లో ప్రభుత్వ గ్రంథాలయం ఎక్కడుందో తెలుసా? 'ఆ... బస్టాండ్ వెనకాల ఏదో పాత బిల్డింగు...' అని అక్కడే ఆగిపోయారు కదూ!

కామిక్స్‌కీ, ఆ పాత బిల్డింగుకీ ఏంటి సంబంధం అంటారా? మన దగ్గర లేదు. అమెరికాలో ఉంది. అక్కడ కామిక్స్ గీసేవాళ్లు, గ్రాఫిక్ నవలలు రాసేవాళ్లు ఊరూరా పబ్లిక్ లైబ్రరీలకు వెళ్లి మాట్లాడతారు. టికెట్ ఉండదు. పిల్లలు నేల మీద కూర్చుంటారు, పెద్దవాళ్లు వెనక కుర్చీల్లో. ఓ గంట కబుర్లు, కాసేపు లైవ్‌లో బొమ్మ గీయడం, ఆ తర్వాత బోలెడు ప్రశ్నలు. కొంతకాలంగా ఇలాంటి ప్రసంగాల వీడియోలు వెతుక్కుని మరీ చూస్తున్నాను. చాలావరకు సరదాగా ఉంటాయి. ఒకాయన మాటలు మాత్రం సరదాగా ముగియలేదు. ఆయన గురించి చెబితే తప్ప, ఈ లైబ్రరీల గొడవ నాకెందుకు పట్టుకుందో మీకు అర్థం కాదు.

పదహారేళ్ల కుర్రాడు, ఒక కార్డు

1956. అమెరికాలో అలబామా రాష్ట్రం. ట్రాయ్ అనే చిన్న ఊరు. ఆ దగ్గర్లో పత్తి పండించే ఓ నల్లజాతి రైతు కుటుంబం. అందులో పదహారేళ్ల కుర్రాడు, పేరు జాన్ లూయిస్. చిన్నప్పుడు కోళ్లను చూసుకోవడం వాడి డ్యూటీ. పెద్దయ్యాక పాస్టర్ కావాలని కోరిక. అందుకని ఆ కోళ్లనే కూర్చోబెట్టి వాటికి ప్రసంగాలు చెప్పేవాడు!

ఆ కుర్రాడికి చదవడమంటే పిచ్చి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కజిన్స్ కొందరితో కలిసి ట్రాయ్‌లోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లాడు. లైబ్రరీ కార్డు ఇమ్మని అడిగాడు. ఇది తెల్లవాళ్లకు మాత్రమే, మీలాంటివాళ్లకు కాదు అని చెప్పి పంపేశారు.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. 'నీకు లేదు' అన్నారు. పేరులోనే 'పబ్లిక్' ఉన్న బిల్డింగులో.

ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో ప్రపంచానికి తెలుసు. 1960లో నాష్‌విల్‌లో, నల్లవాళ్లకు భోజనం పెట్టని హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని లేవకుండా నిరసన తెలిపిన విద్యార్థుల్లో ఒకడు. 1963లో వాషింగ్టన్ మహాప్రదర్శనలో మార్టిన్ లూథర్ కింగ్‌తో పాటు మాట్లాడినవాళ్లలో అందరికంటే చిన్నవాడు, అప్పటికి 23 ఏళ్లు. 1965 మార్చి 7న సెల్మా ఊళ్లో ఎడ్మండ్ పెటస్ వంతెన మీద ఓటు హక్కు కోసం సుమారు 600 మంది నడుస్తుంటే, వాళ్ల ముందున్నవాళ్లలో ఒకడు. పోలీసుల లాఠీ దెబ్బకు ఆరోజు ఆయన పుర్రె చిట్లింది. 1986లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 2020లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.

1998లో ఆయన ఆత్మకథ వచ్చింది. ఆ పుస్తకం పట్టుకుని సంతకాలు పెట్టడానికి వెళ్లిన చోట్లలో ఒకటి... అదే ట్రాయ్ లైబ్రరీ. ఈసారి నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి వచ్చారు, హాలు నిండిపోయింది. కార్యక్రమం అయ్యాక లైబ్రరీ వాళ్లు ఆయన చేతిలో ఒకటి పెట్టారు. లైబ్రరీ కార్డు. నలభై రెండేళ్లు లేటు!

పది సెంట్ల కామిక్ చేసిన పని

ఇందులో కామిక్స్ ఎక్కడున్నాయి అనుకుంటున్నారు కదా. వస్తున్నా.

2008లో లూయిస్ ఎన్నికల ప్రచారం జరుగుతోంది. టీమ్‌లో ఆండ్రూ ఐడిన్ అని ఓ కుర్రాడు. ఎలక్షన్ అయ్యాక ఏం చేస్తావంటే, కామిక్స్ కన్వెన్షన్‌కి వెళ్తానన్నాడు. అందరూ పకపకా నవ్వారు. మన ఆఫీసుల్లో 'ఇంత వయసొచ్చి బొమ్మల పుస్తకాలేంట్రా' అంటారే, అలా. లూయిస్ మాత్రం నవ్వలేదు. నవ్వకండి, మా ఉద్యమంలో కూడా ఒక కామిక్ పుస్తకం ఉండేది అన్నారు.

నిజంగానే ఉంది. మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కారం ఎలా జరిగింది, కొడితే తిరిగి కొట్టకుండా ఎలా పోరాడాలి అన్నది బొమ్మల్లో చెప్పే 16 పేజీల పుస్తకం. 1957 చివర్లో వచ్చింది. ధర పది సెంట్లు. అందులో గాంధీ ప్రస్తావన కూడా ఉంటుంది. దక్షిణాదిలో చర్చిల్లో, కాలేజీల్లో చేతులు మారింది. ఐడిన్ దాని చరిత్ర మీదే తన మాస్టర్స్ థీసిస్ రాశాడు. లూయిస్ వెంట కూడా పడ్డాడు. 'సార్, మీ కథ కూడా అలా చెప్పొచ్చు కదా?' చివరికి ఆయన ఒప్పుకున్నారు. నువ్వు కూడా నాతో కలిసి రాస్తేనే అన్నారు. బొమ్మలు గీయడానికి నేట్ పావెల్ వచ్చాడు.

అలా పుట్టింది 'మార్చ్'. మూడు భాగాలు. 2013, 2015, 2016లో వచ్చాయి. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారం రోజున ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ తల్లి లూయిస్ ఆఫీసుకి వస్తుంది. ఆయన వాళ్లకి తన కథ చెబుతారు. పుస్తకం నడిచేది ఆ కథలోనే. రంగులుండవు. నలుపు, తెలుపు, మధ్యలో బూడిద రంగు ఛాయలు.

పుస్తకం రావడంతో ఆయన పని అయిపోలేదు. ముగ్గురూ కలిసి బయల్దేరారు. స్కూళ్లు, కాలేజీలు, లైబ్రరీలు. 2013లో షికాగోలో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ సమావేశానికి వెళ్లి, వేలమంది లైబ్రేరియన్ల ముందు ఆ 1956 నాటి కథ చెప్పారు. ఒకప్పుడు కార్డు లేదని పంపేసిన వృత్తి వాళ్లకే!

2015లో శాన్ డియెగో కామిక్ కాన్‌లో చేసిన పని అయితే మామూలుగా లేదు. అక్కడికి వచ్చేవాళ్లు బ్యాట్‌మ్యాన్‌లా, స్పైడర్‌మ్యాన్‌లా వేషాలేసుకొస్తారు కదా. డెబ్బై అయిదేళ్ల పార్లమెంటు సభ్యుడు తన వేషం తానే వేసుకొచ్చారు. సెల్మా వంతెన మీద వేసుకున్నలాంటి కోటు, అలాంటి బ్యాగు. 1965లో ఆ బ్యాగులో రెండు పుస్తకాలు, ఒక యాపిల్, ఒక నారింజ, టూత్‌బ్రష్, పేస్టు పెట్టుకున్నారట. జైల్లో వేస్తారు కాబట్టి! ఇప్పుడు ఆ బ్యాగుతో కన్వెన్షన్ హాల్లో నడుస్తుంటే చిన్నపిల్లలు చేతులు పట్టుకుని ఆయనతో నడిచారు.

ఇక 2016 నవంబర్. మూడో భాగానికి అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. వేదిక మీద ఆయన మాట్లాడిన వీడియో యూట్యూబ్‌లో ఉంది, మూడు నాలుగు నిమిషాలే. ఈ కాలమ్ పూర్తయ్యాక చూడండి. లైబ్రరీ కార్డు మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. పుర్రె చిట్లిన రోజు గురించి ఎన్నోసార్లు స్థిమితంగా చెప్పిన మనిషి, కార్డు దగ్గర ఏడ్చారు. చదువుకోమ్మా, చదువుకో అని వెంటపడిన చిన్నప్పటి టీచరమ్మను కూడా తలుచుకున్నారు.

నాకు అక్కడే ఒకటి అర్థమైంది. లైబ్రరీ అంటే బీరువాల్లో పుస్తకాలు ఉండటం ఒక్కటే కాదు. 'లోపలికి రా, ఇది నీది కూడా' అని ఒక మనిషి నోటితో చెప్పడం. బొమ్మల కథలవాళ్లు లైబ్రరీలకు వెళ్లి చేసే పని సరిగ్గా అదే.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

మామూలు రచయిత వస్తే ఒక అధ్యాయం చదివి వినిపిస్తారు. కామిక్స్ వాళ్లు తెర మీద పేజీలేస్తారు. అసలు మజా అక్కడే. మొదట స్క్రిప్టు. తర్వాత అగ్గిపెట్టెంత సైజులో గీతల మనుషులతో పేజీ ప్లాను. ఆపైన పెన్సిల్, దాని మీద ఇంకు, మాటల బుడగలు, రంగులు. ఇదే వరసలో చూపిస్తారు. కొట్టేసిన పేజీలూ చూపిస్తారు. ఈ ముఖం ఆరుసార్లు గీశాను, కుదర్లేదు అంటారు. పన్నెండేళ్ల పిల్ల ఆ మాట విన్నదంటే ఇంటికెళ్లి తను గీసిన బొమ్మ చించి పారేయదు.

మా అక్కవాళ్లు డాలస్ దగ్గర ఉంటారు. దాని కూతురికి పదేళ్లు. వాళ్ల ఊరి లైబ్రరీకి ఓ కామిక్స్ ఆర్టిస్ట్ వచ్చాడని వీడియో కాల్లో నాకు ఓ పావుగంట చెప్పింది. పిల్లలు ఒక్కొక్క మాట అరుస్తుంటే, అన్నీ కలిపి బొమ్మ గీశాడట. ఒకడు 'ఆక్టోపస్' అన్నాడు, ఒకత్తి 'పెళ్లికొడుకు' అంది, మనది 'దోసె' అంది. దోసె అంటే ఏంటని ఆయన అడిగితే లేచి నిలబడి హాలందరికీ వివరించిందట! ఎనిమిది చేతులతో ఎనిమిది దోసెలు తిప్పుతున్న ఆక్టోపస్ పెళ్లికొడుకు ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్ మీద ఉన్నాడు. స్కూల్లో నోరు విప్పదని మా అక్క బెంగపడే పిల్ల, మైకు లేకుండా అంతమంది ముందు మాట్లాడింది.

ఇది సరదా సంగతి. గట్టి సంగతి ఇంకొకటి ఉంది. కామిక్స్‌లో గడికీ గడికీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, దాన్ని 'గట్టర్' అంటారు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అని, కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే ఒక పుస్తకం చేశాడు. ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి. పక్క గడిలో రాత్రిపూట ఊరు, ఒక కేక. గొడ్డలి దిగిన బొమ్మ ఎక్కడా లేదు. మరి ఎవరు చంపారు? ఆ ఖాళీలో మీరే చంపారు అంటాడు మెక్‌క్లౌడ్!

ఇప్పుడు సెల్మా వంతెన మీద లాఠీ లేచిన పేజీ ఊహించుకోండి. వీడియో అయితే మన ముందు నుంచి పరుగెత్తిపోతుంది. ఇక్కడ ఆ ఖాళీని దాటాల్సింది మీరు. కావాలంటే ఆగొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు. అందుకే బొమ్మల పుస్తకం చదివాక ఆ మనిషే ఎదురుగా నిలబడి మాట్లాడితే, విన్న మాట చరిత్ర పాఠంలా అనిపించదు. అప్పటికే మీరు ఆ వంతెన సగం దాటి ఉంటారు.

ఈ 'ఆగొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు' అనే మాట జీన్ లూయెన్ యాంగ్ బాగా చెబుతారు. 'అమెరికన్ బార్న్ చైనీస్' రాసి, గీసిన ఆయన. అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు చేరిన మొట్టమొదటి గ్రాఫిక్ నవల అది, 2006లో. విశేషం ఏంటంటే ఆయన హైస్కూల్లో కంప్యూటర్ సైన్స్ మాస్టారుగా కూడా పనిచేశారు. ఒకసారి ఆల్జీబ్రా క్లాసు కూడా చూసుకోవాల్సి వచ్చింది. వేరే పని వల్ల క్లాసులు మిస్సవుతుంటే, పాఠాలు వీడియో తీసి ఇచ్చారు. పిల్లలకు బోరు కొట్టింది. సరేనని పాఠాలన్నీ కామిక్స్‌లా గీసి జిరాక్స్ ఇచ్చారు. సూపర్ హిట్! మీరు క్లాసులో ఉన్నా సరే మాకు కామిక్సే కావాలన్నారట. వీడియో మాస్టారి స్పీడులో నడుస్తుంది, బొమ్మల పేజీ చదివేవాడి స్పీడులో నడుస్తుంది. లెక్క ఇంత సింపుల్.

2016లో ఆ దేశపు జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఆయన్ని బాలసాహిత్యానికి జాతీయ రాయబారిగా నియమించింది. ఆ పదవిలో కూర్చున్న మొదటి గ్రాఫిక్ నవలాకారుడు ఆయనే. వెళ్లిన ప్రతిచోటా పిల్లలకు మూడు పనులు చెప్పారు. నీలా కనిపించని, నీలా బతకని మనిషి గురించి ఒక పుస్తకం చదువు. నీకేమీ తెలియని విషయం మీద ఒకటి చదువు. నువ్వు ఎప్పుడూ ముట్టుకోని రూపంలో ఒకటి చదువు. అంటే కామిక్స్ పిచ్చోళ్లు నవల పట్టుకోవాలి, నవలలవాళ్లు కామిక్స్ తెరవాలి. ఇవాళ్టికీ మంచి ఛాలెంజే, రీల్స్‌లో వచ్చే వాటికంటే నయం.

లైబ్రరీలోనే ఎందుకు?

కామిక్ కాన్ ఉందిగా, బుక్ ఫెస్టివల్ ఉందిగా అనొచ్చు. ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ కామిక్ కాన్ జరుగుతోంది. వెళ్తే పండగే. కానీ టికెట్ కొనాలి, లోపల స్టాల్స్‌లో కొనాలి, ఇద్దరు ఫ్రెండ్స్‌తో వెళ్తే నెల పాకెట్ మనీ హుష్‌కాకి. అంటే అక్కడికి వచ్చేది అప్పటికే అభిమాని అయినవాడు. లైబ్రరీకి వచ్చేవాడు వేరు. వానొచ్చిందని లోపల దూరినవాడు, అమ్మ డ్యూటీ అయ్యేదాకా కూర్చున్న పిల్ల, పేపర్ కోసం వచ్చిన తాతగారు. కామిక్స్ అంటే ఏంటో తెలియనివాళ్లు.

కెనడాలో టొరంటో కామిక్ ఆర్ట్స్ ఫెస్టివల్ అని ఒకటుంది. 2009లో అది నేరుగా ఆ నగర రిఫరెన్స్ లైబ్రరీలోకే మారింది. అయిదంతస్తుల లైబ్రరీలో ఆర్టిస్టులు బల్లలేసుకుని కూర్చునేవాళ్లు. ప్రవేశం ఉచితం. పరిశోధనకు వచ్చిన ప్రొఫెసరు గారు లిఫ్ట్ దిగితే ఎదురుగా మాంగా!

ఇంకోటి. 'నాకు చదువు రాదు' అని ఫిక్సయిపోయిన పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లకి ఈ మనుషులు కనిపించడం చాలా ముఖ్యం. 'కెప్టెన్ అండర్‌ప్యాంట్స్', 'డాగ్ మ్యాన్' గీసే డేవ్ పిల్కీకి చిన్నప్పుడు డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ. అల్లరి భరించలేక టీచర్లు క్లాసు బయట వరండాలో కూర్చోబెట్టేవాళ్లు. ఆ వరండాలో కూర్చునే రెండో తరగతిలో కెప్టెన్ అండర్‌ప్యాంట్స్‌ని గీశాడు. ఈ కథ ఆయన పిల్లలకు వెళ్లిన ప్రతిచోటా చెబుతాడు. విన్న వందమందిలో వరండా పిల్లాడు ఒక్కడుంటే చాలు.

బొమ్మకు భయపడేవాళ్లు

అంతా పూలబాటేం కాదు. ఇప్పుడు అమెరికాలో లైబ్రరీల నుంచి తీసేయమని గొడవలు ఎక్కువగా జరిగే పుస్తకాల్లో గ్రాఫిక్ నవలలు ముందుంటున్నాయి. మాయా కొబాబే గీసిన 'జెండర్ క్వీర్' 2021, 2022, 2023 మూడేళ్లూ లైబ్రరీ అసోసియేషన్ జాబితాలో మొదటి స్థానంలో ఉంది. కారణం ఊహించడం కష్టమేం కాదు. మామూలు పుస్తకం మీద గొడవ పడాలంటే కొన్ని పేజీలైనా చదవాలి. బొమ్మకు ఆ కష్టం అక్కర్లేదు. ఒక్క గడి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తోసేస్తే చాలు. ముందు గడి లేదు, వెనక గడి లేదు, కథ లేదు.

జెర్రీ క్రాఫ్ట్ అనే ఆయన 'న్యూ కిడ్' గీశాడు. ఖరీదైన స్కూల్లో చేరిన నల్లజాతి కుర్రాడి కథ. 2020లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ దానికొచ్చింది, ఒక గ్రాఫిక్ నవలకు ఆ మెడల్ రావడం అదే మొదలు. మరుసటి ఏడాది టెక్సాస్‌లోని కేటీ ఊళ్లో కొందరు తల్లిదండ్రులు పుస్తకం మీద అభ్యంతరం చెప్పారు. స్కూళ్ల అధికారులు పుస్తకాన్ని పక్కన పెట్టేశారు. పిల్లలతో ఆయన ఆన్‌లైన్‌లో మాట్లాడాల్సిన కార్యక్రమాన్ని కూడా ఆపేశారు. తర్వాత కమిటీ చదివింది, తప్పేం లేదంది, పుస్తకం బీరువాలోకి తిరిగొచ్చింది. ఆగిన కార్యక్రమాన్నీ మళ్లీ పెట్టారు.

2022 జనవరిలో టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ స్కూల్ బోర్డు అయితే 'మౌస్'ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. నాజీల చేతుల్లో యూదులు పడ్డ నరకాన్ని ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన పుస్తకం అది. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. కొన్ని తిట్లు, ఒక చిన్న నగ్న చిత్రం ఉన్నాయట! ఫలితం? పుస్తకం బెస్ట్ సెల్లర్ లిస్టుల్లోకి ఎగబాకింది. ఆర్ట్ స్పీగెల్‌మన్ తర్వాతి నెలలోనే టెనెసీ జనంతో ఆన్‌లైన్‌లో కూర్చుని మాట్లాడాడు.

పిల్లలకు ఏ వయసులో ఏ పుస్తకం అన్నది నిజమైన ప్రశ్నే. అమ్మానాన్నలు అడగడంలో తప్పు లేదు. కానీ చూడండి, కేటీలో పుస్తకంతో పాటు మనిషి మాటను కూడా ఆపారు. 'ఈ బొమ్మ ఎందుకు గీశావు' అని గీసినవాడినే ఎదురుగా అడగగలిగే చోటు అది ఒక్కటే. దాన్ని మూసేస్తే మిగిలేది స్క్రీన్‌షాట్.

మరి మన సంగతి?

'అమెరికా కథలు బాగానే చెప్పావు గానీ' అని మీరు అనేలోపే వస్తున్నా.

లైబ్రరీల విషయంలో మనం ఎవరికీ తీసిపోయినవాళ్లం కాదు. 1901లోనే హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య గారు అందులో ముఖ్యులు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. జనం లైబ్రరీకి రాకపోతే లైబ్రరీయే జనం దగ్గరకు వెళ్లింది, అదీ నీళ్ల మీద!

ఇప్పుడు మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒకటుంటుంది. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అంటే ఆ బస్టాండ్ వెనకాల బిల్డింగుకు మీ ఇంట్లోవాళ్లు ఏటా డబ్బు కడుతూనే ఉన్నారు. మీరే వెళ్లడం లేదు.

వెళ్తే ఎవరుంటారు? గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు. వాళ్లని తక్కువ చేసి మాట్లాడితే నేనొప్పుకోను. ఫ్యాను, కుర్చీ, నిశ్శబ్దం ఫ్రీగా దొరికే చోటు వాళ్లకు అదొక్కటే. కానీ పన్నెండేళ్ల పిల్ల ఆ గుమ్మంలో నిలబడితే ఏం కనిపిస్తుంది? గైడ్లు, తలవంచుకున్న పెద్దవాళ్లు, 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు. ఎవరూ పొమ్మనరు. రమ్మని కూడా ఎవరూ అనరు. ఆ పిల్ల వెనక్కి వెళ్లిపోతుంది.

రమ్మనడానికి మన దగ్గర మనుషుల్లేరా? బోలెడుమంది. 1947 నుంచి 'చందమామ' బొమ్మలు చూసి పెరిగిన జాతి మనది. మన వారపత్రికల్లో కార్టూన్లకున్నంత ఫాలోయింగ్ కథలకు కూడా ఉండదేమో. ఇప్పుడు ఇన్‌స్టాలో తెలుగులో కామిక్ స్ట్రిప్స్ వేసే కుర్రాళ్లు, అమ్మాయిలు ఎంతమంది! హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది తమ ఊరి లైబ్రరీలో ఒక్కసారి కూడా మాట్లాడి ఉండరు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

అడుగుదాం. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీ ఎలాగూ పెడతారు. వాటి పక్కన ఒక సాయంత్రం, ఒక గంట, ఒక బొమ్మల కథల మనిషి. మీ శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారిని కలవండి. ఆయన 'పైన అడగాలమ్మా' అంటే జిల్లా గ్రంథాలయ సంస్థకు తెల్లకాగితం మీద ఒక అర్జీ రాయండి. పది సంతకాలుంటే ఇంకా మంచిది. సామాన్లేం కావాలి? ప్రొజెక్టర్ లేకపోతే పర్లేదు. డ్రాయింగ్ చార్టులు, రెండు మార్కర్లు, కింద పరవడానికి జంపఖానా. చదువుకునే అన్నలకు ఇబ్బంది కాకుండా వరండాలో పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక్క షరతు. వచ్చే ఆర్టిస్టుకి బస్సు చార్జీ, ఎంతో కొంత పారితోషికం ఇవ్వాల్సిందే. 'బొమ్మేగా బ్రో, ఫ్రీగా గీసెయ్' అనే రోగం మనలో బాగా ఉంది. అమెరికా లైబ్రరీల్లో చాలా చోట్ల 'ఫ్రెండ్స్ ఆఫ్ ది లైబ్రరీ' పేరుతో ఊరివాళ్లే గుంపుగా చేరి, పాత పుస్తకాలమ్మి మరీ ఇలాంటి ఖర్చులు పెట్టుకుంటారు. మన బ్యాచ్‌లో ఇరవైమంది ఒక్క బిర్యానీ మానేస్తే ఆ ఖర్చు వచ్చేస్తుంది.

కార్డు ఇవ్వనన్న లైబ్రరీకి నలభై రెండేళ్ల తర్వాత జాన్ లూయిస్ కోపంతో వెళ్లలేదు, పుస్తకం పట్టుకుని వెళ్లారు. మనల్ని ఏ లైబ్రరీ పొమ్మనలేదు, ఇంకా ఈజీ. ఈ ఆదివారం వెళ్లి ముందు మీ పేరు మీద ఒక కార్డు తీసుకోండి. తర్వాత లైబ్రేరియన్ గారిని ఆ నవంబర్ మాట అడగండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి. 'కుదరదు' అన్నా రాయండి, ఎందుకు కుదరదన్నారో వచ్చేవారం మాట్లాడుకుందాం.